చేపల్లో పసుపు పురుగు: సెప్టెంబరులో గట్టు వెంట పనులు

న్యూ సౌత్ వేల్స్‌లోని రివరైనా ప్రాంతంలో చలి తగ్గి నీరు వేడెక్కే నెల ఇది. గ్రిఫిత్, లీటన్ చుట్టుపక్కల ముర్రే కాడ్, సిల్వర్ పెర్చ్ పెంచేవారు మేత పెంచే ముందు నత్తల సంగతి చూసుకోవాలి. క్లైనోస్టోమమ్ అనే పసుపు పురుగు చేపకు చేరేది నత్త ద్వారానే.

ఎలా వస్తుంది?
పెద్ద పురుగులు కొంగలు, నీటికాకుల నోట్లో, గొంతులో ఉంటాయి. పక్షి ముక్కు ముంచినప్పుడు వాటి గుడ్లు నీట్లో పడతాయి. పిల్ల పురుగు నత్తలో దూరి వందలుగా పెరుగుతుంది. అవి బయటికొచ్చి, చేప చర్మాన్ని తొలుచుకుని కండలో తిత్తి కడతాయి. ఆ చేపను తిన్న పక్షి మళ్లీ గుడ్లు వదులుతుంది. చేప నుంచి చేపకు మాత్రం అంటదు.

గుర్తించడం
నాలుగైదు చేపలను కోసి మొప్పల లోపల, రెక్కల మొదళ్లలో, కండలో మెంతి గింజంత పసుపు తిత్తులు ఉన్నాయేమో చూడండి. మొప్పలనే అంటుకునే మరో రకం పురుగులకు నత్తతో పని లేదు, వాటి వైద్యం వేరు. కాబట్టి ముందు పశువైద్యునితో నిర్ధారణ చేయించాలి.

నత్తలను చేతి తొడుగులతో ఏరి, గాజు గ్లాసు నీళ్లలో వేసి కొన్ని గంటలు వెలుతురులో ఉంచండి. నల్ల గుడ్డ అడ్డుపెట్టి చూస్తే తెల్లటి నలుసులు ఈదుతూ కనిపించవచ్చు. కనిపిస్తే ల్యాబుకు పంపండి. కనిపించకపోయినా ఒక్క పరీక్షతో ధీమా పడొద్దు.

చేయాల్సినవి
- గట్టు వెంట నీటిమొక్కలు పీకి దూరంగా ఎండబెట్టండి. ఆకుల అడుగున జిగురు ముద్దల్లా ఉండేవి నత్త గుడ్లు.
- పట్టుబడి అయ్యాక చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండగట్టండి. తడి మిగిలిన గుంటల్లో సున్నం చల్లండి.
- కాలువ నీటికి సన్నని జాలీ కట్టండి. అది నత్తను ఆపుతుంది కానీ పురుగు పిల్లలను ఆపలేదు. అందుకే నత్తలు, చేపలు లేని గుంటలో రెండు మూడు రోజులు నిలవబెట్టి వదలండి.
- చెరువుపై పక్షుల వల వేయండి.

చేయకూడనివి
తిత్తి కట్టాక నీట్లో మందు పోస్తే ఫలితం ఉండదు. మైలుతుత్తం నత్తలతోపాటు చేపలకూ ప్రాణాంతకం కావచ్చు. ఊళ్లో అలవాటు కొద్దీ కలుపు తినడానికి గడ్డి చేపను దింపుదామనుకోవద్దు, ఇక్కడ అది నిషిద్ధం. పక్షులకూ చట్టం రక్షణ ఉంది, తుపాకీ జోలికి పోవద్దు.

బాగా ఉడికిన చేపతో మనుషులకు ఈ పురుగు రాదు, పచ్చిగా తింటేనే ముప్పు. అయినా పసుపు చుక్కలున్న కండను కొనేవారు వెనక్కి పంపేస్తారు. అందుకే లారీ పిలిచే ముందే ప్రతి చెరువు నుంచీ కొన్ని చేపలు కోసి చూసుకోండి.