దసరా పిలకాయలు, అయ్యవారు

దసరా అంటే మనకు సెలవులు. వీధిబడి అయ్యవారికి మాత్రం అది రాబడి. రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు పట్టుకొని పిలకాయలు ఆయన వెంట ఇంటింటికీ పోయి పాటలు పాడేవాళ్లు, పూలు, బుక్కా చల్లేవాళ్లు. ఇంటివాళ్లు అయ్యవారికి డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవాళ్లు. తన జీతం పిల్లల నోట అడిగించుకోవడం ఆయనకెంత చిన్నతనమో, ఆ పాటల్లో నాకు వినబడేది అదే.

మన ఎలవూరు పక్క సరస్వతీపూజ నాడు పుస్తకాలు పూజలో పెడతారు. ఆరోజు చదవకూడదు (పిల్లలకు అసలు పండగ అదే!). మర్నాడు విజయదశమికి పుస్తకం తీయాలి. చిన్నపిల్లలకు బియ్యంలో అక్షరం దిద్దించి బడిలో చేరుస్తారు. 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి మొదలుకొని బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళ 'అ' అక్కడ ఎలాగూ వస్తుంది. ఇంట్లో బియ్యం పళ్లెం ముందు కూర్చున్న మీ చెల్లెలి వేలు పట్టుకొని ఈ దశమికి ఏ 'అ' దిద్దిస్తారు?