కృతఘ్నుడు

కృతజ్ఞుడు, కృతఘ్నుడు అను రెండు పదములు చెవికి ఇంచుమించు ఒక్క తీరుననే వినబడును. అర్థమున మాత్రము అవి పరస్పర విరుద్ధములు.

'కృతము' అనగా చేయబడినది. ఇచ్చట ఇతరులు మనకు చేసిన మేలని యర్థము. 'జ్ఞ' అనగా తెలిసినవాడు. సర్వమును తెలిసినవాడు సర్వజ్ఞుడైనట్లే, పొందిన మేలును ఎఱిగినవాడు కృతజ్ఞుడు. 'ఘ్న' అనునది చంపుట యను నర్థము గల 'హన్' ధాతువు నుండి పుట్టినది. శత్రువులను చంపువాడు శత్రుఘ్నుడు. పొందిన మేలును చంపువాడు కృతఘ్నుడు.

మేలు ప్రాణి కాదు గదా, దానిని చంపుట యెట్లు? చేసిన మేలు పొందినవాని హృదయములో బ్రతికియుండును. వాడే దానిని లేదనినచో దానికి వేఱు చోటు లేదు. ఏరు దాటి తెప్ప తగులవేయుట, తిన్నయింటి వాసములు లెక్కపెట్టుట యను సామెతలు ఇట్టివారిని గూర్చి పుట్టినవే.

ఈ గుణము కృతఘ్నత; అది గల స్త్రీ కృతఘ్నురాలు. మంచి పాట విని ఆనందింపలేనివాడు అరసికుడే కాని కృతఘ్నుడు కాడు. 'కృతజ్ఞతలు' అని వ్రాయవలసినచోట కొందఱు పొరపాటున 'కృతఘ్నతలు' అని వ్రాయుదురు. ఒక్క అక్షరము మాఱుటచే వందనము నిందయై వ్రాసినవానికే తగులును.

ఈ నింద యెంత బరువైనదో రామాయణమందలి కిష్కింధాకాండము తెలుపును. శ్రీరాముని వలన రాజ్యము పొందిన సుగ్రీవుడు, వానకాలము గడచినను సీతను వెదకింపక భోగములలో మునిగియుండెను. లక్ష్మణుడు కోపముతో వచ్చి అతనిని కృతఘ్నుడని నిందించెను. సురాపానము, దొంగతనము మున్నగు పాపములకు ప్రాయశ్చిత్తము కలదు గాని కృతఘ్నతకు లేదనెను. అప్పుడు తార, సుగ్రీవుడు ఉపకారమును మఱచినవాడు కాడనియు, సుఖములలో పడి కాలము గడచుట గమనింపలేదనియు, వానరసేనలను రప్పించుటకు ముందే ఆజ్ఞ యిచ్చెననియు విన్నవించెను. ఆ మాటలు విని లక్ష్మణుడు శాంతించెను.

ఆలస్యము దోషమే, మఱపును దోషమే. కాని అవి దిద్దుకొనదగినవి. కావున ఒకరిని కృతఘ్నుడనుటకు ముందు, తార చెప్పినట్టి కారణమేదైన నున్నదేమో విచారింపవలెను. తన విషయమున మాత్రము, పొందిన మేలు తన హృదయమున బ్రతికియున్నదా యని ఎవరికి వారు తఱచుగా చూచుకొనుట మంచిది.