పరిశోధనను పదిమందికీ చేర్చే కొలువు

పీహెచ్‌డీ పట్టా వచ్చిన రోజు శాలువా కప్పుతారు, ఫొటోలు దిగుతారు. మరి ఆ సిద్ధాంత గ్రంథం తర్వాత ఏమవుతుంది? ఒకప్పుడు బైండు చేయించిన నాలుగు ప్రతుల్లో ఒకటి లైబ్రరీ బీరువాలోకి చేరేది. ఎవరైనా ప్రత్యేకంగా వెతుక్కుంటూ వస్తే తప్ప మళ్లీ వెలుగు చూసేది కాదు. అనంతపురంలో వేరుశనగ మీద జరిగిన పరిశోధన శ్రీకాకుళం విద్యార్థి చేతికి రావాలంటే రైలెక్కాల్సిందే. ఇప్పుడు అలాంటి గ్రంథాలు ఫోన్‌లోనే తెరుచుకుంటున్నాయి, అదీ ఉచితంగా. అయితే అవి వాటంతటవే అక్కడికి చేరవు. చేర్చే ఉద్యోగులున్నారు, ఆ ఉద్యోగానికి తగిన చదువూ ఉంది. డిగ్రీ అయిపోవస్తుంటే సాఫ్ట్‌వేరా, గ్రూప్సా, డీఎస్సీనా అని తర్జనభర్జన పడే మన పిల్లల్లో చాలామందికి ఈ దారి కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

విశ్వవిద్యాలయం తన అధ్యాపకుల, పరిశోధకుల వ్యాసాలనూ సిద్ధాంత గ్రంథాలనూ భద్రపరిచి అందరికీ తెరిచి ఉంచే డిజిటల్ భాండాగారాన్ని రిపాజిటరీ అంటారు. దీన్ని సాధారణంగా లైబ్రరీయే నడుపుతుంది. అమెరికాలోని ఎంఐటీ లైబ్రరీ, హెచ్‌పీ సంస్థ కలిసి తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ డీస్పేస్ 2002లో వచ్చింది. పరిశోధన ఫలితాలు ఎవరికైనా డబ్బు అడ్డం లేకుండా అందాలని కోరిన బుడాపెస్ట్ ప్రకటన కూడా అదే ఏడాది వెలువడింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కూడా అప్పుడే తన రిపాజిటరీని మొదలుపెట్టింది. అంటే ఈ విషయంలో మనం వెనకబడి ఏమీ లేం. 2009లో యూజీసీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని నిబంధన పెట్టింది. వాటిని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ‘శోధ్‌గంగ’లో భద్రపరుస్తోంది. అందులో ఇప్పుడు ఐదు లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కూ సొంత రిపాజిటరీ ఉంది. జొన్న, కంది, సెనగల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధన అక్కడ దొరుకుతుంది.

‘జర్నళ్లకు లైబ్రరీలు చందా కడుతూనే ఉన్నాయిగా, మళ్లీ ఇదంతా ఎందుకు?’ అని అడిగేవాళ్లుంటారు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో సుమారు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తున్నారు. మంచి పథకమే. కానీ ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌కూ, మండల కేంద్రంలోని డాక్టర్‌కూ, ఇంట్లో కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయికీ ఆ తలుపు తెరుచుకోదు. రిపాజిటరీ వీళ్లందరిదీ. ప్రజాధనంతో జరిగిన పరిశోధన ప్రజలకు అందాలన్నది న్యాయమైన మాట. ఈ ఉద్యోగానికి విలువ తెచ్చేది అదే.

ఇంతకీ పని ఎలా ఉంటుంది? ‘స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడమేగా’ అని తేలిగ్గా తీసేస్తారు. ఒక గ్రంథం శోధ్‌గంగలోకి ఎలా వెళ్తుందో చూడండి. శీర్షిక పేజీ, ధ్రువపత్రాలు, విషయసూచిక, అధ్యాయాలు ఇవన్నీ విడివిడి పీడీఎఫ్‌లుగా, వరుస నంబర్లతో ఉండాలి. ఆ తర్వాత వివరాలు నింపాలి. పరిశోధకుడు, పర్యవేక్షకుడు, విభాగం, సంవత్సరం, కీలక పదాలు, సారాంశం... వీటినే మెటాడేటా అంటారు. మన పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే తెలుస్తుంది. కె. వెంకటరావు అనే ఒకే మనిషి ఒక వ్యాసంలో ‘రావు కె.వి.’, ఇంకోదాంట్లో ‘వెంకట రావు కె.’, మరోచోట ఇంటిపేరు పూర్తిగా విప్పి కనిపిస్తాడు. కంప్యూటర్ లెక్కలో వీళ్లు ముగ్గురు. ఆయన ఎన్ని వ్యాసాలు రాశాడో, వాటిని ఎవరు ఉదహరించారో చెల్లాచెదురైపోతుంది. పరిశోధకులకు శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ 2012లో మొదలైంది ఇందుకే. మీ అధ్యాపకులు ఆ నంబరు తీసుకునేలా చేసి, రికార్డులన్నీ దానికి జతపరచడం ఒక లైబ్రేరియన్ చేయగల గొప్ప సేవ.

తెలుగు శాఖల గ్రంథాల దగ్గరికి వస్తే సమస్య ఇంకా లోతుగా ఉంటుంది. పాత గ్రంథాలు ఎన్నో అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైపు చేసినవి. పీడీఎఫ్ తెరిస్తే తెలుగు అందంగా కనిపిస్తుంది. ఒక వాక్యం కాపీ చేసి వేరే ఫైల్లో పెట్టండి, అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు పడతాయి. లోపల ఉన్నది యూనికోడ్ కాదు కాబట్టి ‘బుర్రకథ’ అని వెతికితే ఆ గ్రంథం ఎప్పటికీ దొరకదు. శీర్షికను రోమన్ లిపిలో రాసినా తంటానే, ఒకరు దీర్ఘాలు చూపిస్తారు, ఒకరు వదిలేస్తారు. వీటిని యూనికోడ్‌లోకి మార్చాలి, స్కాన్ ప్రతులను ఓసీఆర్ చేయించి (అంటే బొమ్మలోని అక్షరాలను వెతకదగిన పాఠంగా మార్పించి) ఒత్తుల దగ్గర వచ్చిన తప్పులు దిద్దాలి, శీర్షికలూ కీలక పదాలూ తెలుగు లిపిలో చేర్చాలి. ఈ పని తెలుగు బాగా వచ్చి, కంప్యూటర్ కూడా వచ్చినవాళ్లే చేయగలరు. అలాంటివాళ్లు చాలా తక్కువ. తెలుగు ఎంఏ చేసి ఏం చేయాలో పాలుపోని వాళ్లు ఈ మాటను కాస్త మనసుపెట్టి ఆలోచించాలి.

హక్కుల సంగతీ తెలిసి ఉండాలి. జర్నల్‌లో అచ్చయిన పీడీఎఫ్‌ను ఉన్నదున్నట్టు రిపాజిటరీలో పెట్టడానికి చాలామంది ప్రచురణకర్తలు ఒప్పుకోరు. సమీక్ష పూర్తయి ఆమోదం పొందిన రాతప్రతిని మాత్రం, కొన్నిసార్లు ఆరు నెలలో ఏడాదో ఆగి, పెట్టనిస్తారు. ఏ జర్నల్ ఏది ఒప్పుకుంటుందో చూసి ‘సార్, మీ ఆఖరి వర్డ్ ఫైల్ పంపండి, అది పెట్టొచ్చు’ అని ప్రొఫెసర్‌కు చెప్పగలిగినవాడు ఆ లైబ్రరీకి ఆస్తి. ఒక రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల మధ్య తేడాలు వారం రోజుల్లో నేర్చుకోవచ్చు.

ఇంకో అవకాశం డిజిటల్ ప్రచురణ. విశ్వవిద్యాలయాలు సొంత జర్నళ్లను లైబ్రరీ ద్వారానే నడుపుకోవచ్చు. ఇందుకు ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వ్యాసం స్వీకరించడం, సమీక్షకులకు పంపడం, దిద్దడం, ప్రతి వ్యాసానికి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు ఇవ్వడం దీనిలోని పనులు. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే నకిలీ జర్నళ్ల బెడద మన దగ్గర ఎక్కువ. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక జర్నళ్ల సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా కోర్టు తీర్పు చెప్పిన సంగతి మరవకూడదు. పత్రికలకిచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ గుర్తింపు నంబరు ఉంటే చాలు, మంచి జర్నల్ అనుకునే స్కాలర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను ఆ ఊబిలో పడకుండా ఆపేది కూడా లైబ్రేరియనే.

చదువు విషయానికొస్తే, ఏ డిగ్రీ చేసినా లైబ్రరీ సైన్స్ కోర్సు బీఎల్‌ఐఎస్సీలో చేరవచ్చు, తర్వాత ఎంఎల్‌ఐఎస్సీ. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖలున్నాయి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఈ పీజీలో 55 శాతం మార్కులు, దాంతోపాటు నెట్ గానీ సెట్ గానీ ఉంటే విశ్వవిద్యాలయ అసిస్టెంట్ లైబ్రేరియన్, కాలేజీ లైబ్రేరియన్ పోస్టులకు అర్హత వస్తుంది. ఏడో వేతన సంఘం ప్రకారం యూజీసీ స్కేలులో మూల వేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. అయితే ఉన్నమాట చెప్పాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. దాని కోసమే కూర్చుంటే వయసు దాటిపోతుంది. కేంద్ర సంస్థలు, ఐఐటీలు, పరిశోధన కేంద్రాలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, ప్రాజెక్టు పోస్టులు, ప్రచురణ సంస్థలకు ఎక్స్‌ఎంఎల్ పని చేసే కంపెనీలు... అన్నిచోట్లా దరఖాస్తు చేయాలి. అక్కడ సర్టిఫికెట్ కంటే చేతిపనికే విలువెక్కువ.

ఆ చేతిపని సొంతంగా నేర్చుకోవచ్చు. డీస్పేస్, ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ రెండూ ఉచితం. కొంచెం లినక్స్, కొంచెం డేటాబేస్ వస్తే సొంత కంప్యూటర్‌లో పెట్టుకుని చూడొచ్చు. డబ్లిన్ కోర్ అనే మెటాడేటా ప్రమాణంలో మూల అంశాలు పదిహేనే, అవి నోటికి వచ్చేయాలి. ఇంటర్వ్యూలో ‘రిపాజిటరీ గురించి చదివాను’ అనడం వేరు, ‘మా కాలేజీ పాత పత్రికల యాభై సంచికలకు రికార్డులు తయారుచేశాను, ఇదిగో చూడండి’ అనడం వేరు.

అమెరికాకు ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లలకు కూడా ఒక మాట. ఎఫ్-1 వీసాపై చదువుకునేవారికి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకునే అనుమతి ఉంటుంది. అందులో లైబ్రరీ ఉద్యోగాలూ ఉంటాయి. క్యాంటీన్‌లో షిఫ్టు దొరికిందని ఆగిపోకుండా, డిజిటల్ సేవల విభాగంలో ఖాళీ ఉందేమో కనుక్కోండి. మెటాడేటా, పైథాన్ ప్రోగ్రామింగ్ రెండూ చేతికొచ్చే చోటది.

ఈ రంగంలో అడుగుపెట్టాలని ఉంటే ముందు శోధ్‌గంగలో మీ విశ్వవిద్యాలయం పేరు కొట్టి, మీ శాఖ గ్రంథాల్లో ఒక పది తెరవండి. శీర్షికలో తప్పులు, ఖాళీగా వదిలేసిన సారాంశాలు, వెతికితే దొరకని తెలుగు ఫైళ్లు రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని మీ లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి, ఇవి సరిచేయడానికి నాకో అవకాశం ఇవ్వండి అని అడగండి.