అయస్కాంతం తిరగేస్తే...

రెండో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి మేం సైకిల్ స్పీడోమీటర్ ఎంచుకున్నాం. చక్రం ఊచకి చిన్న అయస్కాంతం, ఫోర్కుకి హాల్ సెన్సర్. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక పల్స్. చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే, సెకనుకి 2 పల్సులంటే గంటకి 14.4 కిలోమీటర్లు. లెక్క ఇంతే. కానీ రివ్యూ ముందురోజు రాత్రి డిస్‌ప్లే మీద సున్నా తప్ప ఇంకేం రాలేదు.

కోడ్ మార్చాం, వైర్లు మార్చాం, చివరికి సెన్సర్ కూడా మార్చాం. పన్నెండు దాటాక మావాడు "మామా, రీడింగులు మనమే వేసేద్దాం రా, ఎవరు చూస్తారు?" అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ పెన్ను తీశాను. తీసి, ఎందుకో డేటాషీట్ ఇంకోసారి తెరిచాను.

హాల్ సెన్సర్ లోపల పలచని అర్ధవాహకపు పలక ఉంటుంది. దాని పొడవునా కరెంటు పారుతుంటుంది. పలకకి లంబంగా అయస్కాంత క్షేత్రం తగిలితే, కదిలే ఆవేశాలు ఒక అంచు వైపు ఒరుగుతాయి. దాంతో రెండు అంచుల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. క్షేత్రం దిశ మారితే ఆ వోల్టేజి గుర్తూ మారుతుంది. మా సెన్సర్ స్విచ్ రకం. ముద్ర ఉన్న ముఖానికి దక్షిణ ధ్రువం ఎదురైతేనే ఆన్ అవుతుంది. మేం ఉత్తర ధ్రువాన్ని చూపిస్తున్నాం!

అయస్కాంతం తిరగేసి అతికించాం. చక్రం తిప్పగానే అంకెలు కదిలాయి.

ఈ ప్రభావాన్ని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు. అప్పటికి ఆయన కూడా అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో విద్యార్థే. అయస్కాంత బలం పనిచేసేది తీగ మీదే గానీ అందులోని కరెంటు మీద కాదని మాక్స్‌వెల్ పుస్తకంలో చదివి, నమ్మబుద్ధి కాక, గాజు మీద అతికించిన బంగారు రేకుతో పరీక్షించి చూశాడు. ఎలక్ట్రాన్ సంగతి ప్రపంచానికి తెలిసింది ఇంకో 18 ఏళ్లకి!

ఇవాళ ఎలక్ట్రిక్ స్కూటర్ మోటార్‌లో రోటర్ ఏ స్థానంలో ఉందో చెప్పేది సాధారణంగా మూడు హాల్ సెన్సర్లు. యాక్సిలరేటర్ పిడిలోనూ ఇదే ఉంటుంది. ఫోన్ దిక్సూచిలోనూ చాలావరకు ఇదే సూత్రం. తాకిడి లేదు కాబట్టి అరుగుదల లేదు, మధ్యలో దుమ్మూ బురదా అడ్డొచ్చినా పనిచేస్తుంది.

జూనియర్లకి ఒక్క మాట. మీకూ సున్నా వస్తే ముందు అయస్కాంతం తిరగేయండి. అప్పటికీ రాకపోతే పుల్-అప్ రెసిస్టర్ పెట్టారో లేదో చూడండి. పెన్ను మాత్రం తీయకండి.