రింగు పక్కన నిలబడే మనిషి

ఢిల్లీలో డాగ్ షోలకు కాలం చలికాలమే. ఎండలు ముదిరితే పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకు ఊపిరాడదు. సెయింట్ బెర్నార్డ్ లాంటి బొచ్చుకుక్కల అవస్థ వేరే చెప్పనక్కర్లేదు. అందుకే దీపావళి సందడి సద్దుమణిగాక, సెలవురోజు పొద్దున్నే మంచు విడవకముందే మైదానంలో గుంజలు పాతి తాళ్లు కడతారు. ఆ తాళ్ల మధ్య చోటే రింగు. లోపల జడ్జి, చుట్టూ జనం. జనం చూపు ముందు కుక్క మీద, తర్వాత జడ్జి మీద. రింగు మూలన బల్ల దగ్గర కేటలాగు, పెన్ను, నంబరు కార్డుల కట్ట పట్టుకుని నిలబడిన మనిషి మీద మాత్రం ఎవరి చూపూ ఆగదు. ఆ మనిషే రింగ్ స్టూవర్డ్. ఈ పని సాధారణంగా స్వచ్ఛందంగా చేసేదే.

ఆ మనిషి లేకపోతే షో గంటసేపు కూడా సాగదు.

నోయిడాలో, గురుగ్రామ్‌లో వ్యక్తిత్వ వికాస శిక్షణలకు కొదవలేదు. ఎలా మాట్లాడాలి, ఎలా కూర్చోవాలి, ఇంటర్వ్యూలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ నేర్పుతారు. అవన్నీ తనను తాను కనబరచుకునే విద్యలు. పక్కన ఉండి పని సాగించే విద్య, అందులోనూ తనకంటూ గట్టి అభిప్రాయం ఉండి కూడా దాన్ని పెదవి దాటనివ్వకుండా పనిచేసే విద్య, ఏసీ గదిలో వారాంతపు తరగతులతో వచ్చేది కాదు. డాగ్ షోలో ఒక రోజు రింగు పక్కన నిలబడితే ఆ విద్య ఎంత కష్టమో, ఎంత అవసరమో తెలిసొస్తుంది.

మన దేశంలో జాతికుక్కల రిజిస్ట్రేషన్, పోటీల నియమాలు చూసేది కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. 1896లో పుట్టిన ఈ సంస్థ కార్యాలయం ఇప్పుడు చెన్నైలో ఉంది. షోలు నడిపేది మాత్రం దానికి అనుబంధంగా ఊరూరా ఉన్న క్లబ్బులు. ఢిల్లీ కెన్నెల్ క్లబ్ అలాంటిదే. క్లబ్బు అనగానే పెద్ద భవనం, జీతాల సిబ్బంది ఉంటారనుకోకూడదు. ఒక సెక్రటరీ, ఒక కమిటీ, ఉద్యోగాలు చేసుకుంటూ సెలవులు వదులుకుని వచ్చే సభ్యులు. చాలా క్లబ్బుల బలగం అంతే.

పోటీ నడిచే తీరు తెలిస్తే స్టూవర్డ్ పని బరువు తెలుస్తుంది. ఒక్కో జాతిలో మగవాటికి, ఆడవాటికి విడివిడిగా తరగతులుంటాయి. మైనర్ పప్పీ, పప్పీ, జూనియర్, అలా వయసు పెరిగేకొద్దీ పైవి. తరగతుల్లో గెలిచినవాటిలోంచి ఛాలెంజ్ సర్టిఫికెట్‌కు ఎంపిక, ఆపై బెస్ట్ ఆఫ్ బ్రీడ్, తర్వాత గ్రూపు, చివరికి బెస్ట్ ఇన్ షో. మెట్టుమెట్టుకూ వడపోతే. ఏది ఓడింది, ఏది ఓడకుండా మిగిలింది, తర్వాత ఎవరిని పిలవాలి అన్నది జడ్జి అడగకముందే స్టూవర్డ్ దగ్గర సిద్ధంగా ఉండాలి. కింద ఒక్క నంబరు తప్పు పిలిస్తే ఆ తప్పు పైమెట్టు దాకా పాకుతుంది.

ఒక తరగతిని దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. లాబ్రడార్, జూనియర్, మగవి. కేటలాగులో ఐదు నంబర్లు, రింగు వాకిట నాలుగే కుక్కలు. స్టూవర్డ్ ఒక్కొక్కదాని నంబరు సరిచూస్తాడు. రాని నంబరును మళ్లీ పిలుస్తాడు, మైకులోనూ పిలిపిస్తాడు. జవాబు లేదు. ఆ నంబరు పక్కన గైర్హాజరు గుర్తు పడుతుంది. జడ్జి పని మొదలవుతుంది. పళ్ల అమరిక చూసి, తల, భుజం, వీపు, తొడ చేత్తో తడిమి, ఆపై నడిపించి చూస్తారు. ముందు నేరుగా, తర్వాత ముక్కోణం తిరిగేలా. నాలుగూ పూర్తయి గెలిచినవాటిని వరసగా నిలబెట్టేసరికి ఐదో నంబరాయన చెమటలు కక్కుతూ పరుగున వస్తాడు. గురుగ్రామ్ హైవే మీద ట్రాఫిక్కట. ఆ కుక్కకు నెలల తరబడి నడక నేర్పించి, పొద్దున్నే స్నానం చేయించి తెచ్చాడు. “భాయీసాబ్, దో మినట్ కీ హీ తో బాత్ హై” (రెండు నిమిషాల సంగతే కదా) అంటాడు. పక్కనే ఆయన కూతురు, కళ్లలో నీళ్లు.

ఇక్కడ స్టూవర్డ్ గొంతు పెంచకూడదు, జాలిపడి మాట మార్చకూడదు. తరగతి ముగిసిందని చెప్పాలి, అభ్యంతరముంటే రాతపూర్వకంగా షో సెక్రటరీకి ఇవ్వొచ్చని దారి చూపించాలి, మరుక్షణం రింగు వైపు తిరిగి తర్వాతి నంబర్లు పిలవాలి. కుదరదు అనడం మనవాళ్లకు కొంచెం కష్టమైన పనే. మొహమాటానికి పోయి “చూద్దాం లెండి” అంటాం. ఎదుటివాడు దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుంటాడు, సాయంత్రానికి అది పెద్ద తగవవుతుంది. మర్యాద తగ్గకుండా కుదరదని చెప్పడం ఒక్కసారి వంటబడితే ఆఫీసులోనూ, అపార్ట్‌మెంటు సంఘంలోనూ, పెళ్లివారి మధ్యనా కూడా అక్కరకొస్తుంది.

అంతకన్నా కష్టమైనది ఇంకొకటుంది. తీర్పు ముగిసేదాకా జడ్జి కేటలాగు చూడకూడదని నియమం. ఏ కుక్క ఎవరిదో, దాని తల్లిదండ్రులెవరో అందులో ఉంటాయి మరి. జడ్జి చూడకూడని ఆ పుస్తకం రోజంతా స్టూవర్డ్ చేతిలోనే ఉంటుంది. మూడో నంబరు కుక్క గత ఏడాది గెలిచిందని అతనికి తెలుసు. ఐదో నంబరు యజమాని తన స్నేహితుడని తెలుసు. అయినా మాటతోనే కాదు, కనుబొమ్మతో కూడా ఆ సంగతి బయటపడకూడదు.

ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. 1859 జూన్‌లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జరిగిన పోటీని ఆధునిక డాగ్ షోలకు ఆరంభం అంటారు. వచ్చినవి రెండు రకాల వేటకుక్కలు, పాయింటర్లు, సెట్టర్లు. మొత్తం 60. బహుమతులు తుపాకులు. పాయింటర్లలో గెలిచిన కుక్క సెట్టర్లకు తీర్పు చెప్పిన ఆయనది, సెట్టర్లలో గెలిచింది పాయింటర్లకు తీర్పు చెప్పిన ఆయనది! అవి నిజంగా మేలైన కుక్కలే కావచ్చు. కానీ చూసేవాళ్లకు నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? 1873లో లండన్‌లో ది కెన్నెల్ క్లబ్ ఏర్పడి షోలకు ఒక పద్ధతి తెచ్చింది. నిజాయితీగా ఉండటం ఒక ఎత్తు, ఆ నిజాయితీ పదిమందికీ కనిపించేలా పని నడపడం ఇంకో ఎత్తు. స్టూవర్డ్ చేసేది ఆ రెండో పని.

వాకిట నిలబడిన వాలంటీరు ఎంత పని చేయగలరో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో ఖద్దరు ప్రదర్శన వాకిట టికెట్లు చూసే పని పద్నాలుగేళ్ల దుర్గాబాయికి అప్పగించారు. టికెట్ లేనివారిని పంపవద్దన్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వస్తే ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే లోపలికి వెళ్లనిచ్చింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. ఆ పిల్లే రాజ్యాంగ సభ సభ్యురాలైంది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైంది. ఈనాడు ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్ మీదుగా రోజూ వేలమంది వెళ్తుంటారు. ఆ సంఘటనలో గమనించాల్సింది ధైర్యం ఒక్కటే కాదు. ఆమె నెహ్రూతో వాదించలేదు, అవమానించలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. అప్పగించిన నియమాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేసింది, అంతే.

మనుషుల సంగతి అలా ఉంటే, రింగులో రెండో సగం కుక్కలు. వాటికి కేటలాగు తెలియదు, మైకు మోత నచ్చదు. అనుభవమున్న స్టూవర్డ్ కుక్క అరిచేదాకా ఆగడు. నిద్ర రాకపోయినా ఆవలిస్తోందంటే, పదేపదే మూతి నాక్కుంటోందంటే, తల కదపకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూస్తోందంటే అది బెదిరిందని అర్థం. ఒళ్లు బిగుసుకుని తోక నిటారుగా నిలిచిపోయిందంటే పక్క కుక్కకు కాస్త దూరం జరపమని హ్యాండ్లర్‌కు మెల్లగా చెప్పాలి. యజమానిని అడగకుండా ఏ కుక్కనూ ముట్టుకోకూడదు. ఎదురుగా వెళ్లి మీదికి వంగకూడదు. జేబులో బిస్కట్లు పెట్టుకోకూడదు. గాలికి ఎగిరే చున్నీ, ఘాటైన సెంటు కూడా వద్దు. మాటలు రాని జీవి మనసు దాని ఒంటిని బట్టి పసిగట్టడం అలవాటైనవాళ్లు మీటింగులో ఎదుటి మనిషి మాట మింగేసిన క్షణాన్ని కూడా ఇట్టే పట్టేస్తారు.

మహాభారతం ఆదిపర్వంలో సరమ కథ ఉంది. నన్నయ తెలుగులోనూ చెప్పాడు. జనమేజయుడు కురుక్షేత్రంలో యాగం చేస్తుండగా అక్కడికొచ్చిన కుక్కపిల్లను ఆయన తమ్ముళ్లు కొట్టారు. అది ఏ తప్పూ చేయలేదు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన నేరమేమిటని నిండు సభలో నిలదీసింది. జవాబు లేకపోయింది. శాపం జనమేజయుడికి తగిలింది. యాగమంతటి కార్యక్రమంలో దగ్గరుండి చూసుకునేవాళ్లు విచారించకుండా చెయ్యెత్తితే చెడ్డపేరు యజమానికే వస్తుందని మన పెద్దలు ఎంత ముందే గ్రహించారో!

స్వచ్ఛంద సేవ అంటే చెప్పిన పని చేయడమొక్కటే కాదు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ షోకు కమిటీ సభ్యుడిగా ఉన్న జాన్ వార్లీకి ఒక చిక్కొచ్చింది. ప్రధాన మైదానంలో రెండు పోటీల మధ్య ఖాళీ, ఆ కాసేపూ జనాన్ని కూర్చోబెట్టాలి. గుర్రాల జంపింగ్ పోటీలు తెలిసిన ఆయన కుక్కలతో అలాంటిది చేయిస్తే అనుకున్నాడు. శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ సాయంతో దూకే కర్రలు, దూరే సొరంగాలు, ఎక్కి దిగే వంతెనలు అమర్చి ప్రదర్శన పెట్టాడు. జనం ఊగిపోయారు. రెండేళ్లకు ది కెన్నెల్ క్లబ్ దాన్ని పోటీగా గుర్తించింది. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆడే డాగ్ అజిలిటీ అలా పుట్టింది. ఖాళీ సమయం నింపమన్న చిన్న పనిలోంచి ఒక క్రీడే వచ్చింది.

ఢిల్లీ రాజేంద్రనగర్‌లో సివిల్స్‌కు చదువుకునేవాళ్లు, నోయిడా ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, తెలుగువాళ్లు జాతీయ రాజధాని ప్రాంతంలో (ఎన్‌సీఆర్) వేలల్లో ఉన్నారు. ఆదివారం ఆంధ్రాభవన్ భోజనం, స్నేహితుల గది, ఫోను. దాంతో చాలామందికి హిందీ సగమే వస్తుంది, ఊరితో పరిచయం సగమే అవుతుంది. డాగ్ షో రింగు పక్కన ఒక రోజు గడిపితే ఆ రెండు సగాలూ కొంత నిండుతాయి. అక్కడ రిటైరైన సైనికాధికారి, ఫరీదాబాద్ పెంపకందారు, పశువైద్య విద్యార్థి, తొలిసారి కుక్కను పట్టుకొచ్చిన బడిపిల్ల, అందరితోనూ మాట్లాడక తప్పదు. సొంత కుక్క ఉండాలన్న నిబంధన లేదు. నిజానికి పోటీలో కుక్క లేని మనిషే నిష్పాక్షికంగా ఉంటాడని క్లబ్బులకు నమ్మకం కుదురుతుంది.

చేరడానికి పెద్ద తతంగం లేదు. షో తేదీలు తెలుసుకుని క్లబ్బు సెక్రటరీకి ముందుగా చెప్పాలి. మొదటిసారే రింగు ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది. కార్ల పార్కింగ్, కుర్చీలు, కుక్కలకు నీళ్లు, ఎంట్రీ బల్ల, అక్కణ్నుంచి మొదలు. పోటీల గంభీరత వద్దనుకునేవాళ్లు 2014 నుంచి ఢిల్లీలో జరుగుతున్న పెట్ ఫెడ్ లాంటి ఉత్సవాల్లో చెయ్యి తిప్పుకోవచ్చు. రింగుకు వచ్చేసరికి కాస్త చదువు కూడా అవసరమవుతుంది. రాజపాళయం కుక్క రింగులోకి రాగానే ఇదేం జాతని ప్రేక్షకులు అడుగుతారు. ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివెళ్లిన తెలుగు రాజులు స్థిరపడిన తమిళనాడు పట్టణం పేరే దానికొచ్చిందని, 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల వేసిందని చెప్పగలిగితే అడిగినవాళ్లు మరో పది నిమిషాలు అక్కడే నిలబడతారు. అమెరికా, బ్రిటన్‌లలో జడ్జి కాదలచినవాళ్లకు స్టూవర్డ్ అనుభవం ఒక అర్హత. అక్కడ జడ్జిలు కూడా ఒకప్పుడు ఈ బల్ల దగ్గర నిలబడినవాళ్లేనన్నమాట.

ఎన్‌సీఆర్ క్లబ్బులు ఒక పాత ఉదాహరణను తిరిగి చూడాలి. 1877లో న్యూయార్క్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ కెన్నెల్ క్లబ్ మొదటి షో పెడితే 1,201 కుక్కలొచ్చాయి. జనం విరగబడటంతో ఒక రోజు పొడిగించి, ఆ రోజు రాబడిని వీధికుక్కల ఆశ్రయం కోసం జీవకారుణ్య సంఘానికి ఇచ్చారు. ఈ ప్రాంతానికి ఇప్పుడు అలాంటి చేతులు కావాలి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ, పరిసర నగరాల వీధికుక్కలను పట్టి షెల్టర్లలో ఉంచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆగస్టు 22న దాన్ని సవరిస్తూ, రేబిస్ సోకినవాటినీ దూకుడుగా ఉన్నవాటినీ మినహాయించి, మిగతావాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టుకున్నచోటే వదలాలంది. రేబిస్ అదుపులో ఉండాలంటే కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాలనీలో టీకా శిబిరం పెడితే వరస నడపడం, నంబరు వేయడం, బెదిరిన కుక్కను గుర్తించి దూరం ఉంచడం, ఏ కుక్కకు వేశారో తప్పు లేకుండా రాయడం, కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లకూ కుక్కలంటే హడలిపోయేవాళ్లకూ ఒకే గొంతుతో జవాబు చెప్పడం, అన్నీ కావాలి. ఇవన్నీ వచ్చినవాళ్లు క్లబ్బుల్లో ఇప్పటికే ఉన్నారు. షోకు ముందు వారం ఒక శిబిరం వాళ్లకు అప్పగిస్తే చాలు, టీకాలు వేసే వైద్యుడికి సగం శ్రమ తగ్గుతుంది.