పక్షవాతమునుండి కోలుకొనువారికి ఆనందమే అనుపానము

ఔషధమును తేనెతోనో, పాలతోనో, వేడినీటితోనో కలిపి సేవింపుమని వైద్యులు చెప్పుదురు. అట్లు మందు వెంట తీసికొనుదానికి అనుపానమని పేరు. పక్షవాతము వచ్చి, ప్రాణాపాయము తప్పి, ఇల్లు చేరిన రోగికి ఏ మందిచ్చినను దాని వెంట ఉండవలసిన అనుపానమొకటి కలదు. అది ఆనందము.

మెదడునకు రక్తమును కొనిపోవు నాళము మూసికొనిపోయినను, చిట్లినను ఈ వ్యాధి కలుగును. మెదడు ఎడమభాగము దెబ్బతిన్నచో శరీరమున కుడిభాగము చచ్చుబడును. పెక్కుమందికి మాటయు పడిపోవును. ఆయుర్వేదము దీనిని వాతవ్యాధులలో చేర్చి పక్షాఘాతమని పిలిచినది. చరకసంహిత చికిత్సాస్థానము 28వ అధ్యాయమున దీనికి స్నేహముతో కూడిన స్వేదనము, విరేచనము చెప్పబడినవి.

అయితే చరకుడే సూత్రస్థానము 25వ అధ్యాయమున మరియొక మాట చెప్పెను. తృప్తినిచ్చువానిలో సంతోషము మొదటిదనియు, రోగమును పెంచువానిలో విషాదము మొదటిదనియు ఆయన నిర్ణయము. పక్షవాతము వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మంది మనోవ్యాకులతకు లోనగుదురని నేటి వైద్యులును చెప్పుచున్నారు. విషాదగ్రస్తుడు వ్యాయామము చేయడు, ఆహారము సరిగా తీసికొనడు, మందు వేళకు వేసికొనడు. ఇక చేయి ఎట్లు కదలును?

ఒక అనుభవము

కొన్నియేండ్ల క్రిందట అరువదియేండ్లు దాటిన గృహిణి నొకరిని నాయొద్దకు తీసికొనివచ్చిరి. ఆసుపత్రిలో చికిత్స పూర్తియై రెండు మాసములైనది. కుడిచేయి వ్రేలాడుచుండెను, నోట మాట లేదు. కోడండ్రు ఉత్తములు. అన్నము కలిపి నోట పెట్టుచుండిరి, తల దువ్వుచుండిరి, మంచము దిగనీయకుండిరి. చుట్టములు వచ్చి ఆమె యెదుటనే, ఆమెకు వినబడనట్లు, ఆమెనుగూర్చి మాటాడి పోవుచుండిరి. ఆమె గోడవైపు తిరిగి పడుకొనుట మొదలుపెట్టినది.

నేను తైలము వ్రాసి యిచ్చితిని. మాసము గడచినను మార్పు లేదు. ఆమె పిడికిలి బలమును మాత్రమే చూచితిని గాని ముఖము చూడలేదని అప్పుడు తోచినది. ఆమె పూర్వము భజనమండలిలో పాడెడివారని విని, ఆ మండలివారిని శనివారమునాడు ఇంటికే పిలిపింపుమంటిని. వారు తెలిసిన కీర్తన ఎత్తుకొనగా, రెండవ చరణమునకు ఆమె గొంతు కలిసెను. భర్త పేరైనను పలుకలేని నోట కీర్తనలోని పదములు తప్పులేక వచ్చెను! ఇంటిల్లిపాదియు కన్నీరు పెట్టుకొనిరి.

ఇది మహిమ కాదు. మాటకు ముఖ్యాధారము మెదడు ఎడమభాగమైనను, పాటకు కుడిభాగమును తోడ్పడును. అందుచే మాట పోయినవారు కొందరు పాడగలరు. రష్యా దేశపు సంగీతకర్త విస్సారియోన్ షెబాలిన్ 1959లో రెండవమారు పక్షవాతము వచ్చి మాటాడుట, గ్రహించుట కష్టమైనను స్వరరచన మానలేదు; 1962లో తన ఐదవ సింఫనీని పూర్తిచేసెను.

ఇంటివారు చేయదగినవి

చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నాలుగు పాదములు కలవు. పరిచారకునికి ఉండవలసిన గుణములలో అనురాగము ఒకటి. అయితే రోగి పనులన్నియు మనమే చేయుట అనురాగము కాదు. వాడిన కొలది మెదడు క్రొత్తదారులు వెదకికొనును. వాడనిచో చేయి మరింత మొద్దుబారును. కావున:

1. చిక్కుడుకాయలు ఒలుచుట, బియ్యము ఏరుట, బట్టలు మడచుట వంటి పనులు రోగికి అప్పగింపుడు. ఆలస్యమైనను చేతిలోనిది లాగికొనకుడు.

2. మనుమలతో వామనగుంటలు ఆడింపుడు. చింతపిక్కలను ఒక్కొక్కటిగా తీసి గుంటలలో వేయుటకంటె వ్రేళ్లకు మంచి వ్యాయామమేమున్నది? పైగా అది వ్యాయామమని తోచదు.

3. ముగ్గు, బొమ్మ, పూలమాల, పద్యము, పాట, ఏది ప్రియమైన దానిని చేయనిండు. కుడిచేయి రానిచో ఎడమచేతితో మొదలుపెట్టవచ్చును. కుడిచేతిని మాత్రము మరువరాదు.

4. రోగి మాటకై ఓపికతో వేచియుండుడు. వాక్యమును మీరు పూరింపకుడు. పసిబిడ్డతో వలె మాటాడకుడు.

5. గుడికో, గ్రంథాలయమునకో, అరుగుమీది స్నేహితులకడకో వారమునకొకసారియైనను తీసికొనిపొండు. వంకరనోటికి సిగ్గుపడి ఇంట దాగుటయే రెండవ రోగము.

జాగ్రత్తలు

గోరువెచ్చని క్షీరబలా తైలముతోగాని, మహానారాయణ తైలముతోగాని మృదువుగా అభ్యంగనము చేయవచ్చును. కాలు వాచి నొప్పిగా ఉన్నచో మర్దనము కూడదు. వెంటనే వైద్యునికి చూపవలెను. చచ్చుబడిన చేతిని పట్టి లాగి లేపరాదు, భుజము జారును. కూర్చుండబెట్టియే ఆహారమీయవలెను, మ్రింగునపుడు పొలమారుచున్నచో వైద్యుని సలహా పొందవలెను. విరేచనము స్వయముగా చేసికొనదగినది కాదు. రక్తపోటునకు, మధుమేహమునకు, రక్తము గడ్డకట్టకుండుటకు ఇచ్చిన మాత్రలను మా మందులు వాడుచున్నామని ఆపరాదు. రోగి ఎడతెగని దిగులుతో నిద్రాహారములు మానినచో అదియు చికిత్స చేయవలసిన వ్యాధియే.

మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట అకస్మాత్తుగా కనిపించినచో ఏ గృహవైద్యమునకును ఆగక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పుడు. రక్తపు గడ్డను కరగించు మందు తగినవారికి సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఈయవలెను.

ఇక ఆ గృహిణి సంగతి. రెండేండ్ల తరువాత వారింటికి వెళ్లితిని. కుడిచేతి వ్రేళ్లు పూర్తిగా రాలేదు. నేను రప్పించితినని చెప్పుకొననుకూడ లేను. వాకిట ఎడమచేతితో వేసిన ముగ్గు ఉండెను. నేను దానివైపు చూచుట కనిపెట్టి ఆమె నవ్వి, ఒక్కొక్క మాటయే కూడదీసికొని, "ముగ్గు వంకర... నేను బాగు" అనిరి.

చేయి పూర్తిగా వచ్చిన తరువాత సంతోషింతమని ఎవ్వరును వేచియుండకుడు. సంతోషమును ముందు రానిండు. రాగలిగినంత బలము దాని వెంట వచ్చును. రానిది మిగిలినను ఆ సంతోషము మీదియే.