ఒక్క అక్షరం తేడా

అక్కలారా! మన సంఘం వాళ్ళు సంతలో పచ్చళ్ళు అమ్ముతున్నారు అనుకుందాం. సీసా మీద 'గోదావరి పచ్చళ్ళు' అని రాసి ఉంటుంది. రుచి బాగుంది. జనం ఆ పేరు అడిగి మరీ కొంటున్నారు.

కొన్నాళ్ళకు ఇంకొకాయన వచ్చాడు. తన సీసా మీద 'గొదావరి పచ్చళ్ళు' అని రాశాడు. 'గో' బదులు 'గొ'. దీర్ఘం లేదు, అంతే! తొందరలో ఎవరు చూస్తారు? మనవే అనుకుని కొంటారు. పచ్చడి పాడైతే మనల్ని తిడతారు. డబ్బు ఆయనకు, చెడ్డపేరు మనకు. ఇది న్యాయమా?

కాదు. కష్టపడి తెచ్చుకున్న మంచిపేరు కూడా ఆస్తే. తన సరుకును ఇంకొకరి సరుకు అని నమ్మించి అమ్మకూడదు. చట్టం ఒప్పుకోదు.

ఇంటర్నెట్‌లో పేరు

ఇప్పుడు వ్యాపారం సెల్‌ఫోన్‌లోకి కూడా వచ్చింది. ఇంటర్నెట్ అంటే లోకంలోని కంప్యూటర్లను కలిపే పెద్ద వల. అందులో కంప్యూటర్లకు నంబర్లు ఉంటాయి. అంత పెద్ద నంబర్లు మనకు గుర్తుండవు. అందుకే నంబరు బదులు పేరు వాడతారు. దానినే డొమైన్ పేరు అంటారు. పేరు చివర 'డాట్ కామ్', 'డాట్ ఇన్' లాంటివి ఉంటాయి. డాట్ అంటే చుక్క.

లక్ష్మీ కిరాణా కొట్టు ఊరికొకటి ఉండవచ్చు. తగాదా లేదు. కానీ ఒక డొమైన్ పేరు ప్రపంచం మొత్తం మీద ఒక్కరికే. ముందు అడిగి రుసుము కట్టినవాళ్ళకు ఇచ్చేస్తారు. కొందరు దీన్ని అదనుగా తీసుకుంటారు. పేరున్న కంపెనీ పేరును ఒక అక్షరం మార్చి తాము రాయించుకుంటారు.

సిఫీ కేసు

హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్‌కు చెందిన కంపెనీ సత్యం ఇన్ఫోవే. ఆ పేరులోని అక్షరాలతోనే 'సిఫీ' అనే కొత్త మాట తయారు చేసుకుంది. 1999లో 'సిఫీనెట్ డాట్ కామ్' లాంటి పేర్లు రాయించుకుంది. 2001లో ఇంకో కంపెనీ 'సిఫ్ఫీనెట్' అని మొదలుపెట్టింది. చూశారా? తేడా ఒక్క ఒత్తు!

సత్యం ఇన్ఫోవే బెంగళూరు కోర్టుకు వెళ్ళింది. ఆ పేరు వాడవద్దని కోర్టు తాత్కాలికంగా ఆపింది. కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. తగాదా సుప్రీంకోర్టుకు చేరింది.

"మా అయిదుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి ఈ పేరు పెట్టుకున్నాం" అని రెండో కంపెనీ చెప్పింది. కోర్టు నమ్మలేదు. సిఫీ పేరు ముందు వాడింది ఎవరు? జనం పొరబడతారా? ఇవి చూసింది. 2004 మే 6న సత్యం ఇన్ఫోవే వైపు తీర్పు చెప్పింది. బెంగళూరు కోర్టు ఉత్తర్వు మళ్ళీ నిలబడింది. ఈ తీర్పు రాసింది ఒక మహిళ, జస్టిస్ రూమా పాల్.

డొమైన్ పేర్లకు అప్పటికి విడిగా చట్టం లేదు. అయినా సరుకు పేరుకు ఉన్న రక్షణే దీనికీ వర్తిస్తుందని కోర్టు చెప్పింది. 'డాట్ ఇన్' పేర్ల మీద తగాదా వస్తే నిక్సి అనే సంస్థకు కూడా అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్ళు మధ్యవర్తిని పెడతారు.

మనం ఏం చేయాలి?

సంఘానికి డొమైన్ పేరు తీసుకుంటే సంఘం పేరు మీదే రాయించండి. పని చేసిపెట్టిన అబ్బాయి పేరు మీద వద్దు. రేపు ఆ పేరు నాదే అంటే ఏం చేస్తాం? గడువులోగా రుసుము కట్టండి. రసీదు దాచండి.

మోసగాళ్ళు బ్యాంకు పేరులాంటి పేరు పెట్టి ఫోనుకు పంపుతారు. తొందరపడి నొక్కకండి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. ఇంగ్లీషు అక్షరాలు రాకపోతే తెలిసినవాళ్ళతో చదివించండి. సర్కారు పేర్ల చివర 'గవ్ డాట్ ఇన్' ఉంటుంది. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అక్షరం నేర్చిన కన్ను అంత తేలిగ్గా మోసపోదు!

మాట్లాడుకోండి

1. 'గోదావరి', 'గొదావరి' పక్కపక్కన రాయండి. తేడా ఎక్కడ ఉంది?
2. మంచిపేరును ఆస్తి అని ఎందుకు అంటున్నాం?
3. మీ సంఘం సరుకుకు ఏ పేరు పెడతారు? ఆ పేరు ఇంకెవరికైనా ఉందా?